ప్రశ్న వేసినవాడి ఋణం



అమెరికాలోని ఏబీసీ టెలివిజన్ సంస్థ 2004 సెప్టెంబరు 22న ఆరంభించి 2010 మే 23న సమాప్తం చేసిన ‘లాస్ట్’ అనే రహస్యకథా ధారావాహికను మధ్యలో విడిచిపెట్టినవారి సంఖ్య లక్షల్లో ఉంటుంది. తొలి ఎపిసోడ్‌ను ఆ దేశంలో 1.8 కోట్లకు పైగా జనం వీక్షించారు. రెండవ సీజన్ ఆరంభంలో ఆ సంఖ్య 2.3 కోట్లు దాటింది. అంతిమ ఎపిసోడ్‌కు మిగిలినవారు సుమారు 1.35 కోట్లు. నడుమ నిష్క్రమించినవారిలో కొందరు నేటికీ తమనే నిందించుకుంటూ ఉంటారు. ఓపిక చాలలేదని, బుద్ధికి అందలేదని, ఇంకొంతకాలం నిలిచి ఉంటే ఏదో తెలిసేదేమోనని వారి బాధ. ఈ ఆత్మనింద అనుచితం. వారి సహనం నశించడానికి హేతువు ఆ కథలోనే ఉన్నది.

వేదాంతవిషయాలకు అలవాటుపడిన పాఠకుడికి విదేశీ ధారావాహికతో ఏమి పని అన్న సందేహం కలగవచ్చు. ఆ కథ ‘ధర్మ’ అనే పదాన్ని, ‘నమస్తే’ అనే అభివాదాన్ని, 108 అనే సంఖ్యను, చివరికి ప్రణవాక్షరాన్ని సైతం తన సామగ్రిలో చేర్చుకున్నది. అంతకంటె ముఖ్యంగా, జిజ్ఞాస అనే ఉత్తమ చిత్తవృత్తిని మూలధనంగా పెట్టుకుని ఆరు సంవత్సరాలు వ్యాపారం సాగించింది. సాధకుడికి ఉన్న ధనం కూడా అదొక్కటే కనుక దాని విషయంలో విచారణ అవసరం.

కథారంభం నిజంగానే గంభీరమైనది. సిడ్నీ నుండి లాస్ ఏంజెలిస్‌కు పోతున్న విమానం ఆకాశంలోనే విరిగి ఒక అజ్ఞాతద్వీపంపై పడుతుంది. బ్రతికినవారు ఉష్ణదేశపు అడవిలో ధ్రువప్రాంతపు తెల్ల ఎలుగుబంటిని చూస్తారు. పదహారేళ్లుగా ఎడతెగకుండా ప్రసారమవుతున్న ఒక స్త్రీ ఆర్తనాదాన్ని రేడియోలో వింటారు. అప్పుడు వారిలో ఒకడు, తామంతా అసలు ఎక్కడ ఉన్నామని అడుగుతాడు. శ్వేతాశ్వతరోపనిషత్తు కూడా ఇటువంటి ప్రశ్నతోనే మొదలవుతుంది. తమ పుట్టుకకు, మనుగడకు మూలమేదని బ్రహ్మవాదులు అక్కడ విచారిస్తారు. ఈ ప్రశ్న విన్నవాడు కదలకుండా ఉండలేడు. కోట్లమంది ప్రేక్షకులు కదిలినందుకు వారిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

ఇక ‘ధర్మ’ విషయం. ద్వీపంలో పూర్వం పరిశోధనలు జరిపిన ఒక సంస్థకు కథలో ఆ పేరు. అది ఆంగ్లపదాల ఆద్యక్షరాల కూర్పు మాత్రమే. వారి చిహ్నమేమో చైనా దేశపు అష్టకోణం. వారి శిక్షణచిత్రంలో తెల్లకోటు ధరించిన శాస్త్రజ్ఞుడు చివర నమస్తే చెప్పి, శుభం కలగాలని కోరి సెలవు తీసుకుంటాడు. ఇందులో అపచారమేదో ఉన్నదని కొందరు ఆస్తికులు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోనక్కరలేదు. అలంకారంగా పెట్టుకున్న పేరుకు అంతకుమించిన గౌరవం ఇవ్వడమే అనవసరం. ఆశ్చర్యమేమిటంటే, ఆ సంస్థవారు నిర్మించిన ఒక యంత్రశాలలో మాత్రం ధర్మశాస్త్రవిచారణకు తగిన విషయం నిజంగానే దొరుకుతుంది.

మొదటి సీజన్ మధ్యలో అడవిలో ఒక ఉక్కుద్వారం బయటపడుతుంది. దానిని తెరవడానికి సీజన్ అంతా పట్టింది. తెరిచిన తరువాత లోపల ఏమున్నదో తెలుసుకోవడానికి ప్రేక్షకుడు 2005 మే నుండి సెప్టెంబరు వరకు, నాలుగు మాసాలు నిరీక్షించాడు. లోపల ఉన్నది ఒక మనిషి, ఒక పాత కంప్యూటరు. ప్రతి 108 నిమిషాలకు ఒకసారి 4, 8, 15, 16, 23, 42 అనే సంఖ్యలను దానిలో టైపు చేసి మీట నొక్కాలి. ఆ ఆరు సంఖ్యల మొత్తం కూడా 108. నొక్కితే ఏమి వస్తుంది? ఏమీ రాదు, గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. నొక్కకపోతే లోకానికి ఉపద్రవమని ముందున్నవారు చెప్పారు. ఆ మనిషి, డెస్మండ్, మూడు సంవత్సరాలుగా రాత్రింబవళ్లు ఆ పని చేస్తున్నాడు. నిద్ర కూడా 108 నిమిషాలకు లోబడినదే.

ఉపనయనమైన ప్రతి బాలుడూ ఏదో ఒకనాడు అడిగే ప్రశ్న ఇదే. ఈ పూట సంధ్యావందనం చేస్తే ఏమి వస్తుంది? కామ్యకర్మలకు వలె నిత్యకర్మకు ప్రత్యేకఫలం లేదని, చేయకపోతే మాత్రం ప్రత్యవాయం కలుగుతుందని మీమాంసకులలో ఒక పక్షం. ఫలం కనబడదు, లోపం మాత్రం కీడు చేస్తుంది. (చేయకపోవడమనే అభావం నుండి పాపమనే భావపదార్థం ఎలా పుడుతుందని శంకరభగవత్పాదులు తైత్తిరీయభాష్యంలో ఆక్షేపించారు. ఆ చర్చ వేరు, కానీ ఈ మీట దగ్గర నిలబడి ఆలోచించినవారికి ఆ ఆక్షేపం మరింత రుచిస్తుంది.) జాన్ లాక్ అనే పాత్ర శ్రద్ధతో మీట నొక్కుదామంటాడు. జాక్ అనే వైద్యుడు, ప్రమాణం చూపనిదే నొక్కనంటాడు. చివరికి నొక్కుతాడు. ఇద్దరి వాదంలోనూ పస ఉన్నది.

తరువాత జరిగినది మరీ విలక్షణం. లాక్, ఎకో అనే మతగురువు కలిసి ఇంకొక యంత్రశాలను కనుగొంటారు. మీట నొక్కేవారి ప్రవర్తనను రహస్యంగా గమనించి నోటుపుస్తకాలలో వ్రాయడమే అక్కడివారి పని అని మరొక శిక్షణచిత్రం చెబుతుంది. అనగా మీట వట్టి బూటకమన్నమాట. ఒకే చిత్రాన్ని చూసిన ఇద్దరిలో లాక్ శ్రద్ధ కుప్పకూలింది, ఎకో శ్రద్ధ దృఢపడింది. ఒకే దృష్టాంతం రెండు చిత్తాలలో రెండు ఫలాలిచ్చింది. రెండవ సీజన్ చివర లాక్ గడియారాన్ని ఆగనిచ్చాడు. అప్పుడు గోడలు కంపించాయి, ఇనుము గాలిలో లేచింది, మీట సత్యమని తేలింది. ఒకనాడు డెస్మండ్ ఆలస్యం చేసినందువల్లనే ఆ విమానం కూలిందని కూడా అప్పుడే తెలిసింది. ప్రశ్న పుట్టింది, పూర్వపక్షం బలంగా నిలిచింది, నిర్ణయం వచ్చింది. ఆ నిర్ణయం మొదటి ఎపిసోడ్‌ను కూడా వెలిగించింది. ఈ ఒక్క ఉపాఖ్యానానికి నిరీక్షణ సార్థకం.

మిగిలిన ప్రశ్నలకు ఈ భాగ్యం కలగలేదు. ఆ ఆరు సంఖ్యలు లాటరీలో, విమానసంఖ్యలో, ఉక్కుద్వారంపై సర్వత్రా కనిపించాయి. ఆరవ సీజన్‌లో అవి కొందరి ఇంటిపేర్ల పక్కన వ్రాసిన క్రమసంఖ్యలని చెప్పారు. ఆ సంఖ్యలే ఎందుకన్నది కథలో రాలేదు. వాల్ట్ అనే బాలుడిలో అలౌకికశక్తి ఉన్నదని ఊరించి, అతడిని అపహరింపజేసి, ఆపైన దాదాపు మరిచారు. కథలో రోజులు గడుస్తుండగా ఆ బాలనటుడు సంవత్సరాల లెక్కన పెరిగిపోయాడు పాపం, అది ఎవరి చేతిలోనూ లేనిది. మూడవ సీజన్‌లో ఆరు ఎపిసోడ్‌లు ప్రసారం చేసి మూడు మాసాలు ఆపారు. తిరిగి వచ్చాక కథానాయకుడి భుజంపై ఉన్న పచ్చబొట్టు ఎలా వచ్చిందో చెప్పడానికి ఒక ఎపిసోడ్ మొత్తం వెచ్చించారు. ఎవరూ అడగని ప్రశ్న అది. నిక్కీ, పౌలో అనే ఇద్దరిని ప్రవేశపెట్టి, ప్రేక్షకులు విసుక్కునేసరికి వారిని కథలో సజీవంగా పాతిపెట్టారు. కథ ఎప్పుడు ముగియాలో తెలియనందువల్ల ఎక్కడికీ పోలేకున్నామని రచయితలకే తోచింది. 2007 మేలో, ఇంకా 48 ఎపిసోడ్‌లు మాత్రమే, 2010లో ముగింపు అని ప్రకటన వెలువడింది. అంటే అప్పటివరకు మూడు సంవత్సరాలు ప్రేక్షకుడు నడిచిన దారికి గమ్యం నిర్ణయం కాలేదు.

అతని సహనం నశించినది ఇక్కడ. కథ మందగమనమన్నది ఇందుకు కారణం కాదు, మన సంప్రదాయానికి మందగమనంతో వైరం లేదు. ఛాందోగ్యంలో ఇంద్రుడు ప్రజాపతి వద్ద ముప్పది రెండేసి సంవత్సరాలు మూడు పర్యాయాలు, ఆపైన అయిదేళ్లు, మొత్తం 101 సంవత్సరాలు బ్రహ్మచర్యం చేశాడు. తొందరపడి తృప్తి చెంది మొదటి విడతలోనే వెళ్లిపోయినవాడు విరోచనుడు. అయితే ప్రతి విడతలోనూ ప్రజాపతి ఇంద్రుడికి ఒక సమాధానం ఇచ్చాడు. దానిని ఇంద్రుడు దారిలో పరీక్షించి, లోపం కనిపెట్టి, సమిధలతో తిరిగివచ్చాడు. తైత్తిరీయంలో వరుణుడు ఇంకా స్పష్టం. బ్రహ్మమంటే ఏది అన్నదానికి లక్షణాన్ని మొదటే చెప్పి, తపస్సుతో తెలుసుకొమ్మని భృగువును పంపాడు. అన్నమా, ప్రాణమా, మనస్సా అని కొడుకు తిరిగివచ్చిన ప్రతిసారీ తండ్రి మళ్లీ తపస్సే చేయమన్నాడు. భృగువు విసుగు చెందలేదు, ఎందుకంటే తాను కనుగొన్నదానిని కొలుచుకోవడానికి లక్షణం అతని చేతిలో ఉన్నది. ‘లాస్ట్’ ప్రేక్షకుడికి అటువంటి కొలత ఏనాడూ దక్కలేదు. ఏది సాధ్యమో ఏది అసాధ్యమో చెప్పని లోకంలో ఏ ఊహ సరైనదో ఎలా తేలుతుంది? ఆరేళ్లు ఊహించినా, ఆరు రోజులు ఊహించినా ఒకటే.

పురాణప్రవచనం కూడా ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. పౌరాణికుడు రుక్మిణి లేఖ పంపిన ఘట్టం వద్ద ఆపి, తరువాతి కథ రేపు అంటాడు. శ్రీకృష్ణుడు వస్తాడో రాడో తెలియక మరునాడు వచ్చేవారు ఆ సభలో ఒక్కరూ ఉండరు. వాల్మీకి రామాయణం బాలకాండ ప్రథమసర్గలోనే నారదుడు కథనంతా చెప్పివేస్తాడు. పరీక్షిత్తుకు ఏడవనాడు ఏమి జరగనున్నదో శ్రోతలకే కాదు, పరీక్షిత్తుకే తెలుసు. దాచిపెట్టినది ఏదీ లేకపోయినా జనం వస్తున్నారంటే ఆ ఆకర్షణ రసానిది. దాపరికం మీద నిలిచిన కథకు ఆ బలం ఉండదు, దాపరికం తీరగానే కూలుతుంది, తీరకపోతే కుళ్లుతుంది.

దీనికి బలమైన ఆక్షేపం ఒకటి ఉన్నది. అదే ఏబీసీలో 1990 ఏప్రిల్ 8న ఆరంభమైన ‘ట్విన్ పీక్స్’ ఒక యువతిని ఎవరు చంపారన్న ప్రశ్నపై నడిచింది. దర్శకుడు డేవిడ్ లించ్, రచయిత మార్క్ ఫ్రాస్ట్ ఆ ప్రశ్నను తెరిచే ఉంచాలనుకున్నారు. సంస్థ ఒత్తిడి వల్ల అదే సంవత్సరం నవంబరులో హంతకుడెవరో చూపవలసి వచ్చింది. ప్రేక్షకులు తగ్గిపోయారు, 1991 జూన్‌లో ధారావాహిక ఆగిపోయింది. కనుక సమాధానమే కథకు మృత్యువని వాదించవచ్చు. లించ్ మహేశ్ యోగి ధ్యానపద్ధతిని 1973 నుండి అభ్యసించినవాడు, రహస్యాన్ని రహస్యంగానే ఆస్వాదించాలన్న అతని అభిరుచి అగౌరవించదగినది కాదు. ఆ వాదంలో సగం సత్యమున్నది. హంతకుడెవరన్నది కుతూహలం, కుతూహలం తీరితే చస్తుంది. జిజ్ఞాసకు అటువంటి చావు లేదు. గౌతమమహర్షి న్యాయశాస్త్రంలో పదహారు పదార్థాలను చెబుతూ మూడవదిగా సంశయాన్ని ఉంచి, దాని వెంటనే ప్రయోజనాన్ని చేర్చాడు. నిర్ణయం తొమ్మిదవది. ఈ నడుమ దూరం ఉండవచ్చు, దానిని నడిపించడమే శాస్త్రం పని. ప్రయోజనాన్ని ముందు చెప్పక, నిర్ణయాన్ని చివర ఇవ్వక, సంశయాలను మాత్రమే పేర్చుకుంటూ పోయేదానికి శాస్త్రంలో దగ్గరి బంధువు వితండం.

‘లాస్ట్’ చివరిదశలో తన పక్షాన్ని తానే ఒక పాత్ర చేత చెప్పించుకున్నది. ద్వీపానికి ఆదిమ సంరక్షకురాలైన ఒక స్త్రీ, తాను ఇచ్చే ప్రతి సమాధానం మరొక ప్రశ్నకే దారితీస్తుందని అంటుంది. రచయితలు ప్రేక్షకుడికి చేతులు జోడించినట్లే ఉన్నది ఆ మాట. దీనికి శాస్త్రంలో అనవస్థాదోషమని పేరు. బృహదారణ్యకంలో గార్గి కూడా లోకాలు దేనియందు అల్లుకొని ఉన్నవని ఒకదాని వెనుక ఒకటి అడుగుతూ పోగా, యాజ్ఞవల్క్యుడు ఇక అతిగా అడగవద్దని హెచ్చరించాడు. గార్గి అప్పటికి ఊరకున్నది. అక్కడితో కథ ముగిసి ఉంటే యాజ్ఞవల్క్యుడు కూడా ఆ ద్వీపసంరక్షకురాలి కోవకే చెందేవాడు. కొంతసేపటికి గార్గి మళ్లీ లేచి, రెండు బాణాల వంటి రెండు ప్రశ్నలతో వస్తున్నానని చెప్పి మరీ అడిగింది. ఈసారి యాజ్ఞవల్క్యుడు తప్పించుకోలేదు, అక్షరతత్త్వాన్ని చెప్పాడు. ఈయనకు నమస్కరించి బయటపడితే అదే పదివేలని గార్గి సభలోని బ్రాహ్మణులతో చెప్పి కూర్చున్నది. ప్రశ్నను ఆపించడానికి అధికారం ఎవరికి ఉంటుందో ఈ ఘట్టం చూపుతుంది.

ఈ రోగం విదేశీ ధారావాహికలకే పరిమితమని ఆస్తికలోకం సంతోషించడానికి వీలులేదు. ఆలయాల పేర్లతో, మంత్రాల పేర్లతో యూట్యూబ్‌లో వెలువడుతున్న ప్రసంగాల శీర్షికలు చూస్తే చాలు. ఎవరికీ తెలియని రహస్యం అంటారు, అరగంట చుట్టూ తిప్పుతారు, అసలు విషయం తరువాతి భాగంలో అంటారు. ఉపనిషత్తుకు రహస్యమనే పేరు ఉన్నమాట వాస్తవమే. అధికారి ఎదుట కూర్చున్నప్పుడు చెప్పదగినది అని దాని అర్థం. గీత తొమ్మిదవ అధ్యాయంలో భగవానుడు అత్యంత గుహ్యమైనది చెబుతానని ఆరంభించి, అదే అధ్యాయంలో చెప్పి ముగించాడు. అర్జునుడిని మరునాటికి రమ్మనలేదు. రహస్యం పేరుతో ఊరించి, చివర ఏమీ లేక చేతులు దులుపుకునే వక్త చేసే నష్టం ఒక టెలివిజన్ సంస్థ చేసేదానికంటె అధికం. ధారావాహికలో మోసపోయినవాడు ఇంకొక ధారావాహికకు పోతాడు. ప్రవచనంలో మోసపోయిన యువకుడు ఉపనిషత్తు తెరవడమే మానుకుంటాడు.

‘లాస్ట్’ను అభిమానించేవారు చెప్పే సమాధానం ఒకటి ఉన్నది, దానిని వినాలి. రహస్యాలు నిమిత్తమాత్రాలని, కథ మనుష్యులదని వారి మాట. డెస్మండ్ తన ప్రియురాలు పెన్నీకి ఎనిమిదేళ్ల తరువాత ఫోను చేసే ‘ది కాన్‌స్టంట్’ ఎపిసోడ్‌ను చూసినవారెవరూ దీనిని పూర్తిగా కాదనలేరు. విప్రలంభశృంగారానికి అది చక్కని ఉదాహరణ. అంతిమ ఎపిసోడ్‌లో కూడా, మరణించిన తరువాత వారంతా ఒక ప్రార్థనామందిరంలో కలుసుకుంటారు. ఆ లోకం పరస్పరం కనుగొనడానికి తామే కల్పించుకున్నదని జాక్‌కు తండ్రి చెబుతాడు. వెనుక గాజుకిటికీలో శిలువ, నెలవంక మొదలైన మతచిహ్నాల మధ్య ఓంకారం కూడా మెరుస్తుంది. రసం కోసం చూసినవారి కన్నులు అక్కడ చెమర్చాయి. వారి తృప్తి కృత్రిమమని అనలేము. కానీ తత్త్వం కోసం పిలిచినవారు ఎవరు? ఎలుగుబంటిని, సంఖ్యలను, ఉక్కుద్వారాన్ని ముందుంచి, ఇది ఏమిటో చెప్పుకొమ్మన్నది ఆ కథే కదా. విందుకు పిలిచి, ఆకలిగొన్నవాడికి సంగీతం వినిపించి, సంగీతం బాగున్నదా లేదా అని అడిగినట్లున్నది. పైగా ముగింపుపేర్లతోపాటు తీరంలోని విమానశకలాలను సంస్థ చూపినందువల్ల, పాత్రలన్నీ మొదటినుండీ మృతులేనని చాలామంది పొరబడ్డారు. ఆరేళ్ల తరువాత కూడా ఏమి జరిగిందో అన్నదే సందేహంగా మిగిలిందంటే లోపం చూచేవారిది ఎలా అవుతుంది?

తితిక్ష సాధనసంపత్తిలో చేరినదే కదా, సహించి కూర్చోవడం మంచిది కాదా అని ఎవరైనా అడగవచ్చు. శీతోష్ణాలను, సుఖదుఃఖాలను చింతించకుండా ఓర్చుకోవడం తితిక్ష. దానికి విషయం తప్పించుకోలేని ద్వంద్వాలు. రిమోట్ చేతిలో ఉన్నవాడికి అది వర్తించదు. మూడవ సీజన్ నడుమ లేచిపోయినవాడిలో పనిచేసినది వివేకం.

ఇంకా చూడనివారు చూడవచ్చునా అంటే, రెండవ సీజన్ చివర మీట కథ తేలేవరకు చూసి ఆపవచ్చును. తరువాత నాలుగవ సీజన్‌లోని ‘ది కాన్‌స్టంట్’ ఒక్కటి చూస్తే డెస్మండ్ సంగతి కూడా కొంత కుదుటపడుతుంది. ఎలుగుబంటి ఎక్కడినుండి వచ్చిందన్న సందేహం మిగిలిపోయినవారికి: ధర్మ సంస్థవారే పరిశోధనల కోసం బోనుల్లో తెచ్చి ఉంచారట.